దారం బరువు

జేబులో పద్దెనిమిది వందలు.
మూడు పెళ్ళి పత్రికల ఓవర్‌టైము.
గోళ్ళ సందుల్లో ఇంకా పోని పసుపు సిరా.

బేగంబజార్‌లో ఇత్తడి బిందెల గల్లీ దాటి
వలలు, తాళ్ళు, టార్పాలిన్లు అమ్మే దుకాణంలో
ముంతాజుద్దీన్ భాయ్ ముందు నా చెప్పులు చూశాడు,
తర్వాత నన్ను.
పై అరలోని కార్బన్ కడ్డీని కిందికి దింపలేదు.
"ఎనిమిది వేలది. చూస్తే నిద్ర పట్టదు,
చూడకు."

చూశాను.
కొత్త గొడుగు కమ్మీలా నల్లగా మెరుస్తోంది.

నా చేతిలో పెట్టింది ఫైబర్ కర్ర,
ఆరు వందల యాభై,
నాలుగు ముక్కలు, అందులో ఒకదాని రంగు వేరు.
"ఇది జర మెత్తన. తొందరపడితే మాట వినదు.
నువ్వు తొందర మనిషివా?"
ప్రెస్సు వాణ్ణి, ఏం చెప్పను.
రేపటి పెళ్ళికి పత్రిక నిన్ననే అయిపోవాలి మాకు.

రీలు అడిగితే నవ్వాడు.
"అది దారం చుట్టుకునే డబ్బా, బేటా.
చేప నీ డబ్బా చూసి రాదు."
మూడు వందలకి పాతది. తిప్పితే
నూనె లేని కుట్టుమిషన్‌లా కిర్రుమంది.

అప్పుడు దారం తీశాడు.
పసుపుది, లావుది, నున్నటిది.
ఏడు వందలు.
బేరానికి నోరు తెరిచేలోగా అరచెయ్యి అడ్డం పెట్టాడు.
"ఈడ మాత్రం పిసినారితనం వద్దు.
వానపాము గాలానికి సీసం ఉంటది, విసిరితే అదే పోతది.
ఈ ఈకల ఈగకి ఏముంది? ఊదితే లేస్తది.
దాన్ని మోసుకపోయేది దారమే.
బరువంతా దారంల ఉంటది."

ఈగలు కొనలేదు, ఒక్కోటి ఎనభై.
ఉత్త ముళ్ళు తీసుకున్నాను, అరవైకి పాతిక.
కార్వాన్‌లో చికెన్ కొట్టు అంజిలయ్య
నాటుకోడి మెడ ఈకలు పొట్లం కట్టి
"దిష్టికా?" అన్నాడు.
జరీ పోగు మా సులోచన జాకెట్టుది.
అంచు ఏమైందని రెండు రోజులు అడిగింది,
మూడో రోజు నా బల్ల మీద చూసి
అడగడం మానేసింది. అది ఇంకా కష్టం.

ట్యూబులైటుకి వచ్చిన ఉసిళ్ళలో
ఒకదాన్ని పట్టి రెక్కలు లెక్కపెట్టాను.
నాలుగు.
నలభై ఏళ్ళుగా రెండనుకుంటున్నాను.

మేడ మీద, నీళ్ళ ట్యాంకుల మధ్య సాధన.
వెనక్కి విసిరి ఆగాలి,
దారం పూర్తిగా చాచుకునేదాకా.
ఆ ఆగడమే రాలేదు, పదిహేను సాయంత్రాలు.
డిష్ గొడుగుకి చిక్కింది, పక్కింటి లంగాకి చిక్కింది,
ఒకసారి నా చెవికి.
"గాలిల చేపలున్నయా అన్నా?" అని
కింది వాటా ఆమె ఎండుమిరపకాయలు ఎత్తుకుంటూ.

ఆదివారం మొదటి బస్సు తలుపు
కర్ర కొసని కొరికేసింది.
ఇన్సులేషన్ టేపు చుట్టాను, పది రూపాయలు.
శంషాబాద్ దాటాక పేరడగని ఒక కుంట.
నాకంటే ముందే ఒక పిల్లవాడు,
వెదురు పుల్ల, గోధుమపిండి ముద్ద,
డబ్బాలో అప్పటికే ఐదు పరకలు.
"నీ పుల్ల ఎంత?"
"మూడు వందలు," అన్నాను.
ఇంట్లో కూడా అదే చెప్పాను.

పదకొండో విసురుకి ఎందుకో తొందర మరిచాను.
వెనక దారం చాచుకున్న చప్పుడు,
చప్పుడు కూడా కాదు, భుజం మీద ఎవరో చెయ్యేసినట్టు.
జరీ ఈగ నీటి మీద వాలింది, ముడత కూడా పడకుండా.
జిలేబి చేప, అరచేతంత.
మూతి తెరుస్తూ మూస్తూ
నా సిరా వేళ్ళని తిడుతున్నట్టుంది.
వదిలేశాను.
పిల్లవాడికి నచ్చలేదు. "దీనికా ఇంత సామాను?"

అయినా కర్ర అడిగాడు.
ఇచ్చాను. ఊపాడు, దారం వాడి నెత్తి మీదే కుప్పకూలింది.
"వెనక్కి వేసి ఆగు," అన్నాను.
"ఎంతసేపు?"

దూరంగా రోడ్డు మీద బస్సు హారను.
అది మొదటిదో ఆఖరిదో
అక్కడ నిలబడి చెప్పలేం.