చేతిరాత

మొత్తం నా చేత్తోనే రాయాలట.
టైపు చేస్తే చెల్లదు.
మొదటి అక్షరం నుంచి తేదీ, సంతకం దాకా
ఈ కుడిచెయ్యే నడవాలి.
లేదంటే నోటరీకి డబ్బు కట్టాలి.
చెయ్యుండగా నోటరీ దేనికి అన్నాను,
ఆ చెయ్యే నన్ను వదిలిపోతోందని
డాక్టరు చెప్పిన వారానికి.

"మెంగియా కావియెజెల్ అనే నేను"
ఇంతవరకు బాగానే వస్తుంది.
రెండో వరుసకి అక్షరాలు చిక్కిపోతాయి,
మూడో వరుసకి చీమలు.
నాలుగు కాగితాలు పొయ్యిలో వేశాను,
బళ్ళో దస్తూరికి బహుమతి పుచ్చుకున్నదాన్ని.

ముప్పై ఒక్క ఏళ్ళు పసుపు పోస్టుబస్సు నడిపాను,
ష్కువోల్ నుంచి ఫ్తాన్ దాకా, పైకీ కిందికీ.
ఆ కొండదారిలో ఎదురొచ్చిన కారు
నేను వెనక్కి పొమ్మంటే పోవాలి.
చట్టమే నాకిచ్చిన మాట అది.
సూటువాళ్ళ బండ్లు, పెళ్ళివాళ్ళ బండ్లు,
ఒకసారి మిలటరీ లారీ కూడా
నా వేలు చూపిన చోటికి జరిగాయి.
ఆ వేలే ఇప్పుడు బల్లమీద
ఎవరూ అడగని తాళం వేస్తోంది.

బండి అప్పగించడం నాకు తెలియని పని కాదు.
స్టాపులో నిలిపి, బ్రేకు వేసి,
ఎడమ అద్దం వదులుగా ఉంది,
మూడో మలుపులో నీడపక్క ఇంకా మంచుంది,
వెనక సీటు ముసలాయన తన ఊరొచ్చినా నిద్రపోతాడు, లేపు,
అన్నీ చెప్పి, తాళాలిచ్చి దిగేదాన్ని.
లోయ అంచున, మలుపు మధ్యలో
స్టీరింగు చేతులు మార్చరు.

మరి ఎవరి చేతికి?
తమ్ముడి కొడుకు ఆందియా మంచివాడు.
ఏం చెప్పినా "సరే అత్తా" అంటాడు.
రేపు డాక్టర్లు ఏం చెప్పినా
వాళ్ళతోనూ సరే అంటాడు.
ఎవరి పేరూ రాయకపోతే
ఏదో ఆఫీసులో, నేనెప్పుడూ బస్సెక్కించుకోని ఒకరు
ఫైలు తెరిచి నన్ను చదువుకుంటారు.

కింది వాటాలో దెవొలిందా ఉంటుంది.
పోర్చుగల్ నుంచి ఒక సీజనుకని వచ్చి
హోటలు దుప్పట్లు ఉతుకుతూ ఉతుకుతూ ఉండిపోయింది.
మెట్లమీద మంచు ఎవరెత్తాలని
ఆరు చలికాలాలు కొట్లాడుకున్నాం.
ఒక్కసారీ నెగ్గలేదు నేను.
నిరుడు ఉప్పనుకుని
మెట్లన్నిటిమీదా పంచదార చల్లాను.
ఎవరితోనూ అనలేదు ఆమె.
వేణ్ణీళ్ళతో కడిగింది,
ఆ నీళ్ళు గడ్డకట్టాక మళ్ళీ నన్నే తిట్టింది.

అడుగుదామని దిగాను.
చేతులు తుడుచుకుంటూ అంతా విని
"నీ లెక్కలు చూస్తాను, నీ మందులు చూస్తాను,
మంచు మాత్రం ఎత్తను" అంది.

ఐదో కాగితం.

కారు తాళాలు ముందు తీసేసుకో, ఏడ్చినా.
గొట్టాలు పెట్టనివ్వకు.
బస్సు హారన్ వినపడే పక్క గది అడుగు.
ఈ ఇల్లు అమ్మొద్దని అరుస్తాను నేను.
అమ్ము.
అరిచేది నేనే,
రాస్తున్నదీ నేనే.

ఇక్కడ పెన్ను ఆగిపోయింది చాలాసేపు.
చెయ్యి వల్ల కాదు.
ఇంకా పుట్టని ఆ ముసలిదాని నోరు
ఇవాళే కుట్టేస్తున్నానా?
దానికీ ఏదైనా తెలిసుండొచ్చు కదా,
నాకు తెలియనిది.

అందుకని ఒక వరుస ఇరికించాను:
ఎవరి మాట వినాలో
ఆ రోజు నా మొహం చూసి తేల్చుకో.
లాయరు చూస్తే ఒప్పుకోడేమో.
చూపించను.

తలరాత చదివానన్నవాళ్ళని నేను చూడలేదు.
ఇది వంకరే గానీ
భూతద్దం పెడితే కనిపిస్తుంది.

తేదీ వేశాను.
సంతకం చివరి గీత ఆగకుండా
కాగితం దాటి బల్లమీదికి పోయింది.
కాగితం మీదున్నంత మేరకు చెల్లుతుంది.
బల్ల కూడా దెవొలిందాకే.