తీపి బోరింగు

రాత్రి పదకొండున్నరకి రోడ్డు మాకిచ్చారు.
పొద్దున్న ఐదుకల్లా తిరిగి ఇచ్చెయ్యాలి.
మసీదు సెంటర్లో డ్రమ్ములు అడ్డం పెట్టి
ఆఖరి ద్రాక్షారం బస్సుని సందులోకి మళ్లించాక
పొక్లెయినర్ తారుని పళ్లతో పట్టి లేపింది.
తారు కింద తారు, దాని కింద ఇంకో తారు,
ఎన్నికల ఏడాదికో పొర.
ఆ కింద కంకర, ఎర్రమట్టి.
ఆ కింద కాకినాడ అసలు ఒళ్లు,
సముద్రం వదిలేసి వెళ్లిన నల్లటి బంక.

మ్యాపులో గొట్టం ఎడమ పక్కనుంది.
మ్యాపు గీసినాయన పోయి చాలాకాలమైంది.
"కుడి పక్కండి" అన్నాడు దేవదానం.
ఫిట్టరుగా రిటైరై ఆరేళ్లు. కబురు పెడితే
మనవడి సైకిలెక్కి వచ్చాడు.
గునపం నేలలో దించి, పైకొస చెవికి ఆనించి
జనరేటర్ కట్టెయ్యమన్నాడు.
అందరం ఊపిరి బిగబట్టాం.
"ఇక్కడండి. సణుగుతా ఉంది.
కొత్తది కాదు, పాత సణుగుడే."

తవ్వితే అక్కడే ఉంది.
పోత ఇనుము. సీసం పోసి మూసిన జాయింటు.
జాయింటు కింద వెంట్రుకంత పగులు,
పగుల్లోంచి విసనకర్రలా నీళ్లు.
ఎన్నేళ్లుగా పోతున్నాయో,
ఆ మేర బంక కడిగిన బియ్యంలా తెల్లబడింది.

వాల్వు కట్టి, కోసిన ముక్క గట్టు మీదికి చేర్చాక
టార్చి వేసి లోపలికి చూశాను.
బుర్ర దూరేంత గొట్టంలో
పిడికిలి దూరేంత దారి.
మిగతాదంతా తుప్పు,
కోరంగి మడవేళ్లకి పట్టే గుల్లల్లాగా.
ఇంత సందులోంచేనా
జగన్నాథపురం దాకా తెల్లారి బిందెలు నిండింది?
"నిండేవండి" అన్నాడు దేవదానం, "తిట్లతో కలిపి."

నాలుగున్నరకి కొత్త గొట్టం దిగింది.
రబ్బరు రింగు, నీలం పూత, నా సంతకం.
ఒత్తిడి పెట్టి చూశాం.
ముల్లు అరగంట కదల్లేదు. చుక్క పోలేదు.
దేవదానం సీసం ముద్ద ఒకటి లుంగీ కొసకి ముడేసుకున్నాడు,
నేను అటు తిరిగి టీ తాగాను.

మూడు వారాలకి
నూకరత్నం ఆఫీసుకొచ్చింది,
చేతిలో స్టీలు గ్లాసు, దానిమీద మూత.
మెయిన్ రోడ్డు వెనక సందులో ఇడ్లీ బండి ఆమెది.
ఆ సందులో ఏ బోరింగు కొట్టినా ఉప్పే.
బండి పక్కనున్న ఒక్కటే తీపి,
ఆమె కాపరానికొచ్చిన నాటినుంచీ తీపే.
పప్పు ఆ నీళ్లకే ఉడుకుతుంది.
శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి
హ్యాండిలుకి బంతిపూలు చుడుతుంది.
"మీరే తాగి చూడండమ్మా."

తాగాను.
ఉప్పు. కొత్తదేం కాదు,
ఎప్పట్నుంచో అక్కడే కాచుక్కూచున్న ఊరి ఉప్పు.

నా వెనక గోడమీద చార్టు.
నీటి నష్టం ముప్పై ఆరు నుంచి పదకొండుకి,
కిందికి దిగే ఎర్ర బాణం,
కమిషనర్ గారు మెచ్చుకున్న బాణం.
ఆ నష్టంలో ఒక పాయ
ఇన్నేళ్లూ ఎవరింటికి వెళ్తోందో
ఏ మీటరూ చెప్పలేదు. గ్లాసు చెప్పింది.

చెప్పెయ్యనా? అమ్మవారి చలవ కాదమ్మా,
మా పగులేనని?

"ఆ రాత్రి తవ్వారు కదండీ" అంది ఆమె,
"లోపల ఏదైనా తెగిందంటారా?"
"తెగలేదు" అన్నాను. "అతికింది."
ఆమెకి అర్థం కాలేదు.
నా నోట్లో ఉప్పు ఇంకా ఉంది.

కుళాయి కనెక్షన్ ఫారం తీసి నింపడం మొదలెట్టాను.
చిరునామా దగ్గర కలం ఆగింది.
ఇడ్లీ బండికి డోర్ నంబరుండదు.
"తీపి బోరింగు పక్కన, అని రాయండి.
పోస్టాయనకి కూడా అలాగే తెలుసు."
రాశాను.

ఫైలు ఇంకా పైన ఎక్కడో ఉంది.
మొన్న శుక్రవారం అటు వెళ్తే
బోరింగుకి పసుపు రాసే ఉంది,
ఎప్పటికన్నా కొంచెం దట్టంగా.