నూగు

దలాల్‌కు ఆరేండ్లప్పుడు ఈ ఇంట్లోకి ఆ మాట వచ్చింది:
హసాసియా.
గోధుమ పడదు. కుబ్బూసు వద్దు, బిస్కట్టు వద్దు,
పిండి తగిలిన గరిటె గూడ వద్దు.
మామా నాకు ఎర్ర మూతల గిన్నెలు చూపించి
ఇవి పాపవి, అనింది.
ఇటలీ రొట్టె, పొట్లం రెండు దినార్లు, పై అరలో.
మూడుసార్లు చేతులు కడుక్కోని
ఆ రొట్టె కాల్చేదాన్ని.
ఆ చేతులతోనే కింద కూర్చోని
రాత్రి మిగిలిన కుబ్బూసు
కూర అడుగులో అద్దుకోని తినేదాన్ని.

ఈ ఇంట్లో నా పేరు రీమా.
రెడ్డెమ్మ పాస్‌పోర్టులో ఉండాది,
పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉండాది.
కడుపుబ్బరం ఒక్కటే నా దగ్గర ఉండాది.

పొద్దున లేస్తానే బాత్రూం. మళ్లా బాత్రూం.
తిన్నది తిన్నట్టే పోయేది.
గాజులు మోచేతి దాకా ఎగబాకేవి.
"ఎంత తింటాదో, యాడికి పోతాదో"
అని ఫిలిప్పీన్స్ పిల్లతో చెప్పి మామా నవ్వింది.
రక్తం లేదని మాత్రలిచ్చినారు,
మాత్రలూ నిలవలేదు.
రంజాన్ నెలంతా హరీస్ గెలికినా,
నానిన గోధుమలు, మాంసం, కట్టెగరిటె,
భుజం పడిపోయేదాకా.
అడుగంటింది గీక్కోని తిన్యా.
ఆ నెలలోనే నోరంతా పుండ్లు.

ఎండాకాలం వాళ్లు లండన్ పోతే
ఇంట్లో నేను, ఏసీ, బియ్యం మూట.
నలభై దినాలు అన్నమూ ఊరిమిండీ.
కడుపు చప్పుడు లేకుండా పండుకునింది.
ఇల్లు ఖాళీ అయినందుకు
మనసు నిమ్మళించిందనుకున్యా.
నాకేం తెలుసు,
నిమ్మళించింది పేగని.

మూడేండ్లు అట్ల గడిచినాక ఒక రాత్రి
పచ్చగా కక్కుకున్యా.
గాలి పోదు, నీళ్లు దిగవు,
పొట్ట బిగదీసిన తప్పెట.
ఫర్వానియా ఆసుపత్రిలో కోసినారు.
చిన్నపేగు లోపల పుండ్లంట,
మానినచోటల్లా ముడుచుకోని
దావ మూసుకపోయిందంట.
రెండు జానల పేగు తీసి పళ్లెంలో పెట్టినారంట.
నేను చూడలేదు.

మలయాళం నర్సు షీజ హిందీలో చెప్పింది:
పేగు లోపల నూగు ఉంటాది అక్కా,
మఖ్‌మల్ గుడ్డ మీద మాదిరి.
తిండిలో సత్తువను ఆ నూగే పట్టుకుంటాది.
నీది అరిగి నున్నగైపోయింది.

దివానియాలో తివాచీ గుర్తొచ్చింది నాకు.
పెద్దాయన దినమూ కూర్చునేచోట
నూగు పోయి దారాలు తేలింటాయి.
బ్రష్షుతో రుద్ది రుద్ది
ఆ చోటు నాకు బాగా తెలుసు.

దేనివల్ల, అని అడిగితే
షీజ చెప్పిన మాట
నాకు తెలిసిన మాటే.
ఎర్ర మూతల గిన్నెల మాట.

దలాల్‌కు నూగు మళ్లా మొలిచిందంట,
పిల్ల కదా, తొందరగా కనుక్కున్నారు.
నాది మొలవచ్చు, మొలవకపోవచ్చు.
మొలవకపోతే ఇంకేదన్నా మొలుస్తాదేమోనని
డాక్టరు సగం చెప్పి ఫైలు మూసినాడు.

ఇంటికొచ్చినాక మామా
రెండు దినాలు నా మొగం చూడలేదు.
మూడోనాడు పై అర నుంచి ఒక పొట్లం దించి
నా పక్కన పెట్టింది.
ఆ తరువాత పెట్టలేదు. నేనూ అడగలేదు.
నెలంతా ఆ రొట్టే తింటే
జీతంలో మిగిలేది ఇరవై దినార్లు.

శుక్రవారం జలీబ్‌లో రాయచోటోళ్ల అంగడికి పోయినా.
రాగిపిండి ఉండాది, కొనలేదు.
గోధుమ ఆడిన మిల్లులోనే దాన్నీ ఆడించింటారు.
రాగులు కొన్యా. ఏరి, కడిగి, మిద్దె మీద ఎండబెట్టి
ఎర్ర మూత మిక్సీలో, పాపదాంట్లో,
ఎవర్నీ అడగకుండా తిప్పినా.
నూకలు ఉడికించి, పిండేసి, గెలికినా.
అదే భుజం. ఈసారి నొప్పి పుట్టలేదని చెప్పను.

వాసనకు దలాల్ మెట్లు దిగొచ్చింది.
ఇంత నల్లగా ఉండాదే, ఎవరిది ఇది?
నీ రోగానిది, అన్యా. నా రోగానిది గూడ.
అది నా పొట్ట దిక్కు చూసి,
తన పొట్ట దిక్కు చూసుకునింది.

ఉసిరికాయంత ముద్ద చేసి
నెయ్యిలో అద్ది నోట్లో పెట్టినా.
నమలబోయింది.

సంగటిని నమలగూడదు, బంగారూ.
మింగు.