ముద్ర పడలేదు

నూట యాభై గంటల చదువు
వంటింటి బల్ల మీద, రాత్రి పదకొండు దాటాక.
బయట వాన. ఆస్టోరియాలో బయట ఎప్పుడూ వానే.
కింద కొలంబియా నది ఓడల్ని ఒక్కొక్కటే
సముద్రానికి అప్పజెప్తూ ఉంటుంది.
నేను "దారి హక్కు" అనే మాటను
పొగబెట్టిన సాల్మన్ ముక్కలా నములుతుంటాను.

పక్కవాడి నేల మీదుగా నడిచే హక్కు,
వారసుల్లేని ఇల్లు ప్రభుత్వానికి పోవడం,
తాకట్టు, వాయిదా, జప్తు.
చివరి మాటకు అర్థం పుస్తకంలో చూడలేదు.
రెండువేల పదిలో మా తలుపుకి అంటించి వెళ్ళారు.
ఆ టేపు జిగురు వదిలించడానికి అరగంట పట్టింది.
అప్పగించే ఇంటి తలుపు శుభ్రంగా ఉండాలి కదా.

ఇల్లు కట్టి చూడు అంటారు.
నేను ఇల్లు కడిగి చూశాను.
ఇరవై రెండేళ్ళు, వారానికి పదకొండిళ్ళు.
ఏ మెట్టు మూలుగుతుందో తెలుసు.
కొత్త రంగు వెనక తడిని దాచుకున్న గోడను
ముక్కుతో పట్టేస్తాను.
ఇక్కడ కొండవాలు మీది ఇళ్ళు
ఏడాదికి వెంట్రుకవాసి నది వైపు జరుగుతాయి.
ఒలికిన నీళ్ళు ఏ మూలకు పరిగెడతాయో చూస్తే చాలు.
నా తడిగుడ్డకు తెలిసినంత సర్వేయరుకు తెలియదని
క్లాసులో ఒకసారి అనేశాను.
అందరూ నవ్వారు.
పాఠం చెప్పే ఆర్విడ్ నవ్వలేదు, రాసుకున్నాడు.

మొదటి పరీక్ష రెండు మార్కుల్లో పోయింది,
ఎకరానికి చదరపు అడుగులెన్ని అన్న దగ్గర.
పోర్ట్‌లాండ్ నుంచి తిరుగు బస్సులో
ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో
నలభై మూడువేల ఐదువందల అరవై,
నలభై మూడువేల ఐదువందల అరవై,
ఊరొచ్చేదాకా రాస్తూనే ఉన్నాను.

రెండోసారి పాసయ్యాను.
చెల్లెలు సైమాకి ఫోన్ చేస్తే
"ఇక నీ ఇల్లు నువ్వే అమ్ముకోవచ్చు తైమీ" అంది.
"ఏ ఇల్లు?" అన్నాను.
ఇద్దరం చాలాసేపు నవ్వాం.

ఇక మిగిలింది వేలిముద్రలే.
చదువు రానివాళ్ళకు వేలిముద్ర అంటారు,
చదివి నెగ్గాక నన్ను వేలు పెట్టమన్నారు.
గాజు పలక మీద పెట్టాను.
బొటనవేలు, పొగమంచు.
చూపుడువేలు, పొగమంచు.
కుర్రాడు పలక తుడిచాడు, నా వేలికి ఏదో నూనె రాశాడు,
నొక్కి పట్టుకుని మళ్ళీ చూశాడు.
"మేడమ్, మీకు గీతల్లేవు" అన్నాడు
తప్పు తనదైనట్టు.

ఉన్నాయి బాబూ.
డాక్టరుగారి స్నానాలగది పలకల సందుల్లో కొన్ని,
కొండ మీది తెల్లమేడ పొయ్యి వెనక కొన్ని,
బ్లీచింగు నీళ్ళ బకెట్లలో లెక్కలేనన్ని,
ఒకప్పటి నా తలుపు మీద
అరగంట ఖరీదు చేసేవి కొన్ని.
ఇదేమీ పైకి అనలేదు.
"మళ్ళీ చూడు" అన్నాను.

రెండుసార్లు తిప్పి పంపారు.
పేరుతోనే వెతుకుతాం, ఆగమన్నారు.
ఆ ఆరు వారాలూ ఇళ్ళు కడుగుతూనే ఉన్నాను,
కాకపోతే రబ్బరు తొడుగులతో.
మానితే గీతలు మళ్ళీ మొలుస్తాయని ఎవరో చెప్పారు.
రాత్రుళ్ళు దీపం కింద చెయ్యి పెట్టి
విత్తనాలు జల్లిన మడిని చూసినట్టు చూసుకునేదాన్ని.

లైసెన్సు ఒక మంగళవారం వచ్చింది.
నా పేరులో ఒక అక్షరం తప్పు.

మొదటి బేరం ఒక పీతల పడవవాడూ, అతని భార్యా.
నది కనబడే కిటికీ. ఆమె అక్కడే ఆగిపోయింది,
అప్పుడే పరదా రంగు అనుకుంటోంది.
"నేల బాగానే ఉందా?" అన్నాడతను.
కుళాయి విప్పి గ్లాసు నింపి
గది మధ్యలో ఒంపాను.
ముగ్గురం చూస్తుండగా నీళ్ళు
తెలిసిన దారే అన్నట్టు
నది వైపు మూలకు పోయాయి.

వాళ్ళు కొనలేదు.
వాళ్ళ కారు మలుపు తిరిగాక
సంచిలోంచి గుడ్డ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని
నేల తుడిచాను,
తొడుగుల్లేకుండా.