గోటి కొసతో

రుస్తావి కార్ల బజారులో ఆదివారం పొద్దున
కరిగిన మంచు బురదలో
బారులు తీరిన పెద్దపెద్ద బండ్లు.
అన్నీ సముద్రం దాటి వచ్చినవే.
ఎక్కడో గుద్దుకుని, ఎవరో వద్దనుకుంటే
ఓడెక్కి, పోతి రేవులో దిగి,
ఇక్కడ కొత్త బుగ్గలు తొడుక్కుని నవ్వుతున్నవి.

నేను పళ్ళ డాక్టర్ని.
నవ్వుల్ని అంత తొందరగా నమ్మను.

బద్రికి నల్లది నచ్చింది.
తోలు సీటు మీద అరచెయ్యి ఆనించి
మొదటిసారి పసిబిడ్డను ఎత్తుకున్నవాడిలా
ఊపిరి బిగబట్టాడు.
మా అత్తగారు లామారా ఎక్కబోయి
ఒక కాలు పైన, ఒక కాలు బురదలో,
"మెట్లు లేని మేడ ఎవడు కట్టాడ్రా?" అంది.
బండ్లమ్మే గొచా ఏదో నొక్కాడు.
నల్లది ఉస్సురని నాలుగు వేళ్ళు కిందికి కుంగింది.
అప్పుడు చూడాలి ఆవిడ మొహం,
ఊరంతా లేచి నిలబడి దారిచ్చినట్టు!

నేను తలుపు మీద గోటి కొసతో తట్టాను.
టంగ్.
ముందు చక్రం పైన తట్టాను.
బొద్.
నాకు తెలుసు ఆ చప్పుడు.
లోపల పుచ్చి, పైన సిమెంటు నింపి,
పక్కపంటి రంగు కలిపి పూసిన పన్ను
ఇలాగే పలుకుతుంది.

"గుద్దుకోలేదమ్మా, గీసుకుందంతే.
మా అమ్మ మీద ఒట్టు."
పొద్దుటినుంచి ఇది నాలుగో ఒట్టు.
ఆ తల్లి ఎన్ని బండ్ల కింద పడిందో పాపం.

బజారు చివర, టీ కొట్టు పక్కన, బూడిద రంగుది.
అదే జాతి, నాలుగేళ్ళ పెద్దది.
జుంబెర్ అనే ముసలాయన
అడక్కముందే బానెట్ ఎత్తాడు.
"ఇదిగో, ఇక్కడ తగిలింది.
ఈ కడ్డీ మార్చాను. ఇది సాగదీశాను. ఇది అలాగే ఉంది."
పేలిపోయిన గాలిసంచుల్ని
ఉతికిన దిండు గలీబుల్లా మడిచి
డిక్కీలోనే దాచాడు.
నోరు తెరవమనకుండానే తెరిచి
నొప్పి ఎక్కడో వేలితో చూపే రోగులు
నెలకొకరు కూడా రారు నా దగ్గరికి.

లోపల కూర్చున్నాం.
తలుపు వేస్తే బజారు మొత్తం నోరు మూసుకుంది.
సీటు వెచ్చబడింది.
లామారా నడుముకి ఇసక మూట కాపడం పెట్టినట్టుంది కాబోలు,
మెట్టు సంగతే మర్చిపోయింది.

వెనక సీటు సందులో తెక్లె చెయ్యి దూర్చి
ఊదారంగు క్రేయాన్ ముక్క తీసింది.
దాని మొన మీద పంటిగాట్లు.
చిన్నవి. పాలపళ్ళవి.
నా వేళ్ళు చల్లబడ్డాయి.
ఇంతసేపూ రేకుల్ని తట్టాను గానీ
ఇక్కడ ఎవరు కూర్చున్నారని అడగలేదు.

జుంబెర్ నావైపు చూడలేదు.
"ఫోటోల్లో వెనక అద్దం కూడా పగల్లేదమ్మా.
నాకు తెలిసింది అంతే."
ఒట్టు వెయ్యలేదు.

మా ఇంట్లో ఏ బండికైనా చివరి పరీక్ష పెట్టేది
ఆరేళ్ళ తెక్లె కడుపు.
గొంబోరి కనుమ నాలుగో మలుపు
ఇంతవరకు దాటనివ్వలేదది.
పెరుగు డబ్బా ఒళ్ళో పెట్టి ఎక్కించాం.
నాలుగు. ఎవరం మాట్లాడలేదు.
ఏడు. బద్రి ఈల వెయ్యబోయి మానుకున్నాడు.
తొమ్మిదో మలుపులో అది ఆకలన్నది.
పదకొండులో కక్కుకుంది,
డబ్బాలోనే, ఒక్క చుక్క బయటపడకుండా.
మేం నలుగురం చప్పట్లు కొట్టాం,
కక్కినదానితో సహా.

ఇప్పుడు లామారా ఎక్కడానికి
ద్రాక్షసారా పెట్టె కోసి చేసిన పీట ఒకటుంది.
నల్లబండి ఏదైనా పక్కనుంచి పోతే
బద్రి మెడ ఇంకా కాస్త తిరుగుతుంది.
తిరగనీ.

క్రేయాన్ ఏదని అడిగితే
తెక్లె సీటు సందు చూపించింది.
తీసినచోటే మళ్ళీ దూర్చిందట.
"అది వాళ్ళది," అంది.