అయిదో వారం, మంగళవారం

మార్కాపురం బస్టాండులో దిగితే
ముందు ఎండ పలకరిస్తుంది, తర్వాత ధూళి,
ఆ తర్వాత ఎవరో ఒకరు:
"ఏందమ్మే మస్తానీ, ఒంగోల్లో ఏం చదువుతున్నావంట?"
శిశు వికాసం, అంటాను.
"అంటే?"
పుట్టినకాణ్ణించి ఆరేళ్లదాకా
పిల్లకాయలు ఎట్టా పెరుగుతారో.
"దానికీ డిగ్రీయేనా! మా మేక సాకుతుందే మూడింటిని."

నవ్వుతాను. మేకకొక మార్కు.

సంచిలో ఆరువారాల ప్రాక్టికల్ రికార్డు,
చెక్క దిమ్మెలు పది, చిన్న గంట, ఒక గుడ్డబొమ్మ,
సూపర్‌వైజర్ పోస్టుల పాత బిట్ల పుస్తకం.
శిశువు ఎన్నో నెలలో మెడ నిలుపును?
అట్ట వెనక మేడమ్ మాట, నా రాతలో:
చూసింది రాయి. అనుకున్నది రాయకు.

మా అమ్మ పలకలకు చట్రాలు బిగించేది.
ఏయే ఊళ్ల పిల్లకాయలో దిద్దిన మొదటి అ
మా అమ్మ చేతులమీదుగా పోయింది,
ఆమెకి మాత్రం వేలిముద్ర.
మొదటి సెమిస్టర్ సెలవుల్లో చెప్పాను:
"అయిదేళ్లలోపు బలపం పట్టించకూడదంటమా,
వేళ్లు ఇంకా గట్టిపడవంట."
అమ్మ సుత్తి ఎత్తినదెత్తినట్టే ఆపి
"అయితే మేం యాడికి పోవాల?" అంది.
ఆ ప్రశ్న ఏ యూనిట్లోనూ లేదు.

గాలెమ్మ టీచరు అంగన్‌వాడీ:
ఒక గది, ఒక తక్కెడ, గుడ్ల అట్టలు,
గోడమీద రంగు వెలిసిన ఏనుగు.
నాకిచ్చిన బిడ్డ చెన్నకేశవులు.
మూడేళ్ల నాలుగు నెలలు.
బరువు, పచ్చగీత దిగి పసుపులోకి జారే చోట.
దిమ్మె మీద దిమ్మె: ఏడు.
ఒంటికాలి మీద: రెండు క్షణాలు, ఆపైన నా భుజం.
రంగులు: ఎరుపు తెలుసు. తక్కినవన్నీ కూడా ఎరుపే.
మూడు మాటల వాక్యం: "గుడ్డు ఇంకోటి కావాల."
నాలుగు వారాలు ఇట్టాగే గళ్లు నింపాను.

అయిదో వారం, మంగళవారం, పదీ ఇరవైకి
వాడు కొక్కేనికున్న తువ్వాలు లాక్కుని
ముక్కూ నోరూ చుట్టుకున్నాడు.
దిమ్మె ఒకటి ఒళ్లో పెట్టుకుని
ఇంకో దిమ్మెతో రుద్దాడు, రుద్దాడు,
ఉఫ్‌మని ఊదాడు.
అప్పుడు దగ్గడం మొదలుపెట్టాడు.

పిల్లకాయల దగ్గు కాదది.
మోకాళ్లకు చేతులాన్చి, మెడ ముందుకు చాచి,
మధ్యలో ఒక చెయ్యెత్తి
ఏం లేదు, ఏం లేదు, అన్నట్టు ఊపి,
మళ్లీ.

ఆ చెయ్యి నాకు తెలుసు.
మా నాయన అట్టాగే ఊపేవాడు
నా పదోతరగతి దాకా.

గడి చూశాను.
అనుకరణ ఆట: పెద్దల పనులను నటించి చూపును.
వయసుకు తగ్గట్టే ఉంది. ఇంకా మెరుగ్గా ఉంది.
టిక్కు పెట్టాను.
పెన్ను కాగితాన్ని దాటి కిందిదాన్ని కూడా గీరింది.

రికార్డు దిద్దుతూ మేడమ్
మార్జిన్లో ఎర్రసిరాతో రాశారు:
"ఎంతసేపు దగ్గాడు? ఎట్లా ఆగాడు?"

కోపమొచ్చింది.
హాస్టల్లో కరెంటు పోయింది, వచ్చింది,
బిట్ల పుస్తకం తెరిచిన పేజీ తెరిచినట్టే.
చివరకు ఒప్పుకున్నాను, ఆమె అడిగింది సబబే.
నేను నాయన దగ్గరే ఆగిపోయాను.
ఆట ఆగలేదు.

రేపు ఇంటర్వ్యూ బల్లకవతలనుంచి ఎవరైనా
ఈ పనికే ఎందుకొచ్చావని అడిగితే
చెప్పడానికి నాకు తయారైన జవాబు ఒకటుంది,
కోచింగ్ సెంటరువాళ్లు ఇచ్చింది.
దాన్ని పక్కనపెట్టి
రికార్డులో నీలిసిరాతో కింద చేర్చింది ఇది:

సుమారు నలభై క్షణాలు.
గుడ్డబొమ్మకు అన్నం పెడుతున్న అంకాలు,
రెండేళ్ల పది నెలలు, లేచి వచ్చింది.
ఎవరూ చెప్పలేదు.
ప్లాస్టిక్ గ్లాసు ఇచ్చింది. అందులో నీళ్లు లేవు.
వాడు తువ్వాలు దించి, తల వెనక్కి వంచి
మొత్తం తాగాడు.
లేని మీసం తుడుచుకున్నాడు.
ఆ పిల్ల గ్లాసులోకి తొంగి చూసి
"ఇంకొంచెం పొయ్యనా?" అంది.