వచ్చింది

అరండల్‌పేటలో జిరాక్సు షాపు మీది గది, మా రిహార్సలు.
నేను ప్రాంప్టర్ని. ముప్పై ఒక్క ఏళ్లుగా
తెర పక్కన నిలబడి
ఇంకొకరి నోటికి మాట అందిస్తాను.

ఈసారి నాటకం ఓడల దేశంనించి వచ్చింది.
యూనివర్సిటీలో ఫార్మసీ చదివే మ్వాజుమా
బట్టల మడతల్లో పెట్టి తెచ్చుకుంది,
వాళ్ల పిన్ని స్వాహిలీలో రాసింది.
రేవు పట్నం. బావులు అమ్ముకున్న పెద్దల్ని
లెక్క అడిగే ఒక మనిషి.
ఆ పిల్ల ఒక్కో వాక్యం విప్పి చెబుతుంటే
వచ్చాడు, కూర్చున్నాడు, గద్దించాడు అని
నాలుగు పేజీలు రాసుకుపోయాను.
ఐదో పేజీలో ఆ మనిషి
తన రెండో కాన్పు సంగతి ఎత్తింది.

నాలుగు పేజీల 'డు'లు కొట్టేశాను. పెన్ను సిరా అయిపోయింది.

వాళ్లకి 'అమెకూజా' అంటే చాలట.
మగవాడు, ఆడమనిషి, ఆవు, ఎవరొచ్చినా అదే.
ఊపిరుండాలి, అంతే.
కుర్చీ వస్తే మాత్రం 'కిమెకూజా'.
అధ్యక్ష పదవిలో ఉంటే 'మ్వెన్యెకితి',
కుర్చీ కలిగిన మనిషి.

"మరి మీకు?" అంది.
కుర్చీ వచ్చింది. ఆవిడ వచ్చింది.
పైకి చదివాను. నా చెవికే మొదటిసారి వినబడింది.
"వచ్చారు అని కూడా ఉందమ్మా" అన్నాను.
"అదెప్పుడు ఇస్తారు?"
వయసొచ్చాక, లేదా పదవొచ్చాక.
"మగవాడికో?"
నేను టీ చెప్పడానికి కిందికి దిగాను.

ఆ వేషం సామ్రాజ్యానిది. పేరే అది, పెట్టుకున్నది కాదు.
నలభై ఏళ్ల పరిషత్తుల్లో
రాణిగా ఎన్నిసార్లు కత్తి మీద పడిందో!
సర్పంచి వేసినప్పుడల్లా
సంతకం ముందు మొగుడి వైపు చూడాలి, జనం నవ్వాలి.
మంత్రి అయిన ఏడాది కొడుకు చెడిపోయాడు,
మూడో రంగమంతా ఏడుపే.
"గ్లిజరిను ఖర్చు నాదేనయ్యా" అంటుంది.
మ్వాజుమా నవ్వి,
"మా ఊళ్లో నేను చూసినవీ ఇంతే,
చావాలి, లేకపోతే పెళ్లాడాలి.
పిన్నికి అందుకే ఒళ్లు మండింది" అంది.

పిన్ని నాయకురాలు చావదు.
చివర్న మంచినీళ్లు తాగి, ఖాతా పుస్తకం తెరిచి
"రెండో బావి" అంటుంది. దీపం ఆరుతుంది. అయిపోయింది.

"ఇదేం ముగింపు!" అన్నారు దర్శకుడు చినపున్నయ్యగారు.
"జడ్జీలు మార్కులెట్లా వేస్తారు? బిడ్డల్ని తలుచుకుని
ఒక్క కన్నీటి డైలాగు పడాల్సిందే."
నేనే రాశాను. రాయమంటే రాసేవాణ్ణి.

పోటీ రాత్రి.
సామ్రాజ్యం మంచినీళ్లు తాగింది. పుస్తకం తెరిచింది. ఆగింది.
"క్షమించండ్రా నన్ను, నా తండ్రులారా" అని అందించాను.
ఆగే ఉంది.
కాస్త గట్టిగా అందించాను. ముందు వరసకీ వినబడే ఉంటుంది.
కిర్రుమనే ఫ్యాను వైపు చూసినట్టు
నా వైపు ఒకసారి చూసి,
జనం వైపు తిరిగి,
"రెండో బావి" అంది.

వెనక వరసలో ఎవరో దగ్గారు. చప్పట్లు రావడానికి
చాలాసేపు పట్టింది, వచ్చినవీ కొన్నే.
ప్రోత్సాహక బహుమతి ఒకటి ఇచ్చారు, స్టీలు బిందె.

మేకప్ గదిలో మేం రంగులు తుడుచుకుంటుండగా కరెంటు పోయింది.
చీకట్లో చినపున్నయ్యగారి తిట్లు,
ఎవరిదో గాజుల చప్పుడు,
తలుపు దగ్గర అడుగులు.
ఇంతలో లైట్ల కుర్రాళ్లంతా ఒక్కసారి అరిచారు:
"వచ్చింది!"

వెలుతురులో, గుమ్మంలో, బిందె చంకనేసుకుని సామ్రాజ్యం.
మ్వాజుమా నా చెయ్యి గిల్లి అడిగింది,
"ఎవరు? కరెంటా, ఆవిడా?"

మాట అందించడమే నా ఉద్యోగం.
వెతుక్కుంటున్నాను.

"ఆ కుర్చీ ఇటు జరుపు" అంది సామ్రాజ్యం,
"కాళ్లు లాగేస్తున్నాయి."